చీరతో కొలిచిన ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. రెండూ చేసి చూసినవాళ్ళు ఈ మాట వినగానే నిట్టూర్చి తల ఊపుతారు. కాని ఆ పెద్దలకు, పాపం, ఒక సంగతి తట్టి ఉండదు. ఇల్లు కట్టడానికి ముందు కాస్త జాగా ఉండాలి కదా! ఆ జాగా కూడా లేకుండానే ఇరవై, ముప్ఫై ఏళ్ళు సంసారం నడిపి, పిల్లలను కని, పెంచి, పండగపూట గడప లేకపోయినా నేలమీద ముగ్గు వేసుకున్న ఇల్లాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ ఇంటివాళ్ళు ఎలా అయ్యారో నేను దగ్గరగా చూశాను. అదేదో లాటరీ తగిలినట్టు ఒక్క రోజులో జరిగింది కాదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు పట్టింది.

మావారిది రైల్వే ఉద్యోగం. 1978లో బొంబాయి బదిలీ అయి వెళ్ళాం. 2010లో ఆయన పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నాం. మా బస బైకుల్లా స్టేషనుకు నడిచివెళ్ళే దూరంలో ఉండేది. కామాఠీపురా కూడా అక్కడికి దగ్గరే. ఆ పేట పేరు చెబితే జనం మొహం అదోలా పెడతారు గాని, ఆ పేరు మనవాళ్ళ వల్ల వచ్చింది సుమండీ! తెలుగు దేశం నుంచి రాళ్ళెత్తడానికి, గోడలు కట్టడానికి వెళ్ళిన కామాఠీ కూలీలు కాపురమున్న చోటు కనుక కామాఠీపురా అయింది. ఊరికి మేడలు కట్టిన వాళ్ళకు తలదాచుకునే చోటు మిగలకపోవటమనేది బొంబాయిలో నిన్నా మొన్నటి కథ కాదన్నమాట.

మేము వెళ్ళేనాటికి మా వీధి పొడుగునా, ఒక పెద్ద ప్రహరీగోడను ఆనుకుని, గుడిసెలు ఉండేవి. గుడిసెలంటే మన పల్లెటూరి పూరిళ్ళు ఊహించుకోకండి. వెనక గోడ ఎవరిదో. మిగతా మూడు పక్కలా గోనెసంచులు, అట్టముక్కలు, ప్లాస్టిక్ పట్టాలు. లోపల నిటారుగా నిలబడడానికి వీలులేదు. వంట బయట, స్నానం చీకటితో, నిద్ర వంతులవారీగా. ముందు నుంచి లారీలు పోతూంటాయి. పాకే పిల్లవాడి నడుముకు చీరచెంగు కట్టి, రెండో కొసను గుంజకు ముడివేసి, తల్లి పనిలోకి పోయేది.

"ఇంత అవస్థపడి ఇక్కడే ఎందుకుండాలి? ఊరి చివరకు పోతే కాస్త విశాలంగా ఉండొచ్చుగా?" అని మా ఇంటికి వచ్చిన చుట్టాలు అడుగుతూండేవారు. జవాబు చాలా సులువు. వాళ్ళ పని ఇక్కడ ఉంది. బజారులో తోపుడుబండి, స్టేషనులో మూట, మేడల్లో అంట్లు. నడిచివెళ్ళి పని చేసుకునే దూరంలో ఉంటేనే నాలుగు డబ్బులు మిగిలేది. రోజూ రైలు ఖర్చు పెట్టుకుంటే కూలిడబ్బు రైలుకే సరి.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఆ గోడవారనే ఉండేది. పాలమూరు వైపు నుంచి 1970ల మొదట్లో, వానలు లేక, మొగుడితో వచ్చింది. ఆవిడ పేరు ఇక్కడ రాయను. మేమంతా పాలమూరక్క అనేవాళ్ళం. తెలుగు మాట చెవినబడితే చాలు, ప్రాణం లేచొచ్చే రోజులు మావి. ఆవిడ నన్ను "అమ్మా" అంటూనే "నువ్వు" అనేది; ఆ వైపు మాటతీరే అంత. మా అత్తగారికి మొదట్లో అది కాస్త చివుక్కుమనిపించినా, తర్వాత ఆవిడ రాని రోజున "ఇవాళ నాతో మాట్లాడేవాళ్ళే లేరే" అని గొణుక్కునేదాకా వచ్చింది వ్యవహారం.

అక్క దగ్గర నేను నేర్చుకున్న మొదటి లెక్క ఏమిటంటే, ఇల్లు లేకుండా బతకడం చవక కాదు. చాలా ఖరీదు. మాకు కుళాయి తిప్పితే నీళ్ళు. ఆవిడ బిందెకింత అని ఇచ్చి కొనుక్కోవాలి. మాకు రేషను కార్డు ఉంది. బియ్యం, చక్కెర, కిరసనాయిలు సర్కారు ధరకు వస్తాయి. కార్డు కావాలంటే అడ్రసు ఉండాలి. అడ్రసు లేని ఆవిడ అదే కిరసనాయిలు చిల్లర దుకాణంలో రెట్టింపు పెట్టి కొనేది. ఇవన్నీ ఒక ఎత్తు, 'బండి' ఒక్కటీ ఒక ఎత్తు. ఏ తెల్లవారుజామునో గుడిసెలు కూలగొట్టే బండి వచ్చేది. పట్టాలు, గుంజలు, వాటితోపాటు గిన్నెలు, పొయ్యి, పిల్లల పుస్తకాలు అన్నీ ఎత్తుకుపోయేది. రెండు గంటల్లో వీధి శుభ్రం. రెండు రోజుల్లో అదే చోట మళ్ళీ అవే గుడిసెలు. కాని ఆ రెండు రోజుల మధ్యలో ఏడాదిపాటు కూడబెట్టిన గిన్నెలన్నీ పోయేవి. మళ్ళీ అప్పు, మళ్ళీ వడ్డీ. బండి వస్తోందని కబురు తెలిస్తే అక్క తన ఇత్తడి బిందె, రెండు పళ్ళేలు తెచ్చి మా మెట్లకింద పెట్టిపోయేది. మా మెట్లకింద చాలామంది సంసారాలు అలా తలదాచుకున్నాయి.

1981 జులైలో, జోరున వాన కురుస్తూండగా, పేవ్‌మెంట్లమీద ఉన్నవాళ్ళందరినీ ఖాళీ చేయించి సొంత ఊళ్ళకు పంపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దానిమీద కోర్టుకు వెళ్ళినవాళ్ళలో ఓల్గా టెల్లిస్ అనే పత్రికారచయిత్రి ఒకరు. ఆ కేసు సుప్రీంకోర్టుకు పోయి, 1985 జులై 10న తీర్పు వచ్చింది. మావారు పేపరు తెచ్చి చదివి వినిపించారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారు, మరి నలుగురు న్యాయమూర్తులు కలిసి ఇచ్చిన తీర్పు అది. బతుకుతెరువు లేనిదే బతుకు లేదు గనుక, రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా చేరి ఉన్నదన్నారు. ఎంత గొప్ప మాట! మా అత్తగారు చేతులెత్తి దణ్ణం పెట్టారు. మావారు అద్దాలు సవరించుకుని, "ఆగమ్మా, ఇంకా ఉంది" అన్నారు. కాలిబాటను ఆక్రమించుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదనీ, ముందుగా నోటీసు ఇచ్చి తొలగించవచ్చుననీ కూడా ఉంది. వానాకాలం పోయేదాకా, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 వరకు, ఆగమన్నారు. 1976లో తీసిన లెక్కల్లో పేరున్నవాళ్ళకు వేరే చోటు చూపించాలన్నారు.

మర్నాడు అక్కకు అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ గిన్నె తోముతూ తోముతూ ఆగి, "ఆ లెక్కల మా పేరున్నదా అమ్మా?" అని అడిగింది. లేదు. గోడవార వాళ్ళను లెక్కపెట్టడానికి ఎవరూ వచ్చిన జ్ఞాపకం ఆవిడకు లేదు. 'లెక్కలో లేనివాళ్ళు' అనే మాటను మనం ఎంత తేలిగ్గా వాడేస్తాం! దాని అసలు బరువు ఆ పూట తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పేటలో ఒక సంస్థ పనిచేయడం మొదలుపెట్టి ఉంది. దాని పేరు స్పార్క్. షీలా పటేల్‌గారు, మరికొందరు సాంఘిక కార్యకర్తలు కలిసి 1984లో పెట్టారు. ఆఫీసు అంటే బైకుల్లాలో ఒక మునిసిపల్ వైద్యశాల వెనుక ఉన్న మోటారుషెడ్డు. ధర్మసంస్థ అనగానే మనకు దుప్పట్లు పంచడం, అన్నం పొట్లాలు ఇవ్వడం, ఫొటో తీయించుకోవడం గుర్తొస్తుంది. వీళ్ళు మా వీధిలో దుప్పటి పంచగా నేను చూడలేదు. కాగితాలు, కలాలు పట్టుకొచ్చి గుడిసె గుడిసెకూ కూర్చుని లెక్క రాసుకున్నారు. ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఏం పని, ఎంత సంపాదన, ఎంతమంది పిల్లలు.

మొదట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కాగితం పట్టుకుని వచ్చినవాడు మేలు చేసిన సంగతి వాళ్ళ అనుభవంలో లేదు మరి. "రాసుకపోయి కూలగొడతరు" అని అక్క కూడా మొహం తిప్పుకుంది. వచ్చినవాళ్ళు విసుక్కోలేదు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ కూర్చున్నారు. చివరకు వీధిలో ఆడవాళ్ళే వాళ్ళవెంట తిరిగి, "ఈమె అబద్ధం చెబుతోంది, ఈమెకు పిల్లలు ముగ్గురు కాదు, నలుగురు" అని సరిదిద్దేదాకా వచ్చింది. అలా సుమారు 6,000 కుటుంబాలు, 27,000 మంది ఆ లెక్కకు ఎక్కారు. 1985లోనే దాన్ని పుస్తకంగా వేశారు. 'మేము, కనబడనివాళ్ళం' అని దాని పేరుకు అర్థం. కాలిబాటమీద ఉండేవాళ్ళంతా బిచ్చగాళ్ళూ, దొంగలూ అనుకునేవాళ్ళకు ఆ పుస్తకం జవాబు చెప్పింది. వీళ్ళు పనిచేసుకు బతికేవాళ్ళు. ఊరికి చవకగా చాకిరీ చేసిపెడుతున్నవాళ్ళు.

అక్టోబరు 31 రానే వచ్చింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. మా మెట్లకింద ఇసకేస్తే రాలనన్ని బిందెలు. నవంబరు వచ్చింది, పోయింది. మా వీధికి బండి రాలేదు.

అప్పుడు, 1986లో, ఆ ఆడవాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. 'మహిళా మిలన్' అని పేరు. మొదటి పని పొదుపు. రోజుకు రూపాయో, రెండో, ఉంటే ఐదో. మా ఆడవాళ్ళం పోపుడబ్బాలో దాచుకోవడం లాంటిదే అనుకోండి. తేడా ఏమిటంటే, వాళ్ళకు దాచుకునేందుకు పోపుడబ్బా పెట్టే అర కూడా లేదు. సంఘం తరఫున ఒక ఆవిడ రోజూ గుడిసె గుడిసెకూ వచ్చి వసూలు చేసేది. చదువురాని వాళ్ళకు పాసుబుక్కు ఏం పనికొస్తుంది? అందుకని ఒక్కొక్కరికీ ఒక ప్లాస్టిక్ సంచీ ఇచ్చారు. రూపాయికి ఒక రంగు కాగితం, రెండుకు ఒక రంగు, ఐదుకు ఒక రంగు. డబ్బు ఇచ్చినప్పుడల్లా ఆ రంగు ముక్క ఒకటి సంచీలో పడుతుంది. అక్క తన సంచీని మా వంటింటి గట్టుమీద గుమ్మరించి, ముక్కలు వేరుచేసి, "చూడు, ఎంతయిందో లెక్కజెయ్" అనేది. నేను లెక్కపెట్టి చెప్పేలోపలే తను చెప్పేసేది. మావారి పోస్టాఫీసు పాసుబుక్కులో ఎప్పుడూ ఏదో ఒక తభావతు ఉండేది గాని, ఆ సంచీలో ఎన్నడూ పైసా తేడా రాలేదు.

అర్ధరాత్రి పిల్లకు జ్వరం వచ్చినా, పోలీసులు బండి పట్టుకున్నా, వడ్డీవ్యాపారి దగ్గరకు పరుగెత్తకుండా ఆ సంఘం దగ్గర అప్పు తీసుకునేవాళ్ళు. ఎవరికి ఎంత ఇవ్వొచ్చో తేల్చేది కూడా ఆ ఆడవాళ్ళే. ఎవరి మొగుడు తాగుతాడో, ఎవరు మాటమీద నిలబడతారో బ్యాంకు మేనేజరుకేం తెలుస్తుంది? పక్క గుడిసె ఆవిడకు తెలుస్తుంది గాని.

ఇక ఇంటి సంగతి. సర్కారు ఎప్పటికైనా ఇల్లిస్తే ఎలాంటి ఇల్లు కావాలి అని ఆ ఆడవాళ్ళే కూర్చుని ఆలోచించుకోవాలన్నది సంస్థవాళ్ళ పట్టు. అక్కకు నవ్వొచ్చింది. "ముష్టి అడుక్కునేటోడు సన్నబియ్యమా దొడ్డుబియ్యమా అని అడుగుతడా?" అంది. అయినా వెళ్ళింది. అడుగులు, అంగుళాలు వాళ్ళకు రావు. చీర మాత్రం కంఠతా వచ్చు. చీర పొడుగెంత, సగం మడిస్తే ఎంత, పావు మడిస్తే ఎంత అన్నది ఏ ఆడదానికి తెలియదు? చీరలు నేలమీద పరిచి గది కొలిచారు. ఇక్కడ పొయ్యి, ఇక్కడ నీళ్ళబిందె, ఇక్కడ ముసలాయన మంచం. నలుగురు పడుకుంటే చాలుతుందా అని నిజంగానే నలుగురు పడుకుని చూశారట. తర్వాత వెదుళ్ళు పాతి, వాటికి చీరలు, గుడ్డలు కట్టి, అసలు కొలతలతోనే నమూనా ఇల్లు నిలబెట్టి ప్రదర్శన పెట్టారు. మేమూ వెళ్ళి చూశాం. ఇంటి ఎత్తు 14 అడుగులు. లోపల ఒక అటక. ఇన్నేళ్ళు నడుము వంచుకుని బతికినవాళ్ళు కాబట్టి ఎత్తు కోరుకున్నారనుకున్నాను. అక్క అసలు సంగతి చెప్పింది. "కిందిజాగ పెరగదు గద అమ్మా, మీదిజాగ పెరుగుతది. పిల్లలు మీద పండుకుంటరు, మేం కింద." ఇంజనీరింగు చదివిన మా మరిది ఆ అటక చుట్టూ రెండుసార్లు తిరిగి, "వదినా, ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించటం లేదు" అన్నాడు.

ఆ సంస్థతో, ఆ సంఘంతో చేయికలిపి పనిచేసిన మరొకాయన జోకిన్ అర్పుతం. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టి, 1960లలో బొంబాయి చేరి, జనతా కాలనీ అనే మురికివాడలో బతికిన మనిషి. 1976లో ఆ కాలనీ మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఇల్లు పోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదాయన. మురికివాడల్లోని వాళ్ళకు జాతీయస్థాయిలో సమాఖ్య ఏర్పరచాడు. 2000లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. 2018లో కాలం చేశారు.

1995లో మహారాష్ట్ర ప్రభుత్వం మురికివాడల పునరావాసానికి కొత్త పథకం తెచ్చింది. ఆ ఏడాది జనవరి 1 నాటికి అక్కడ ఉన్నట్టు రుజువు చూపగలవాళ్ళకు 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తామన్నారు. గుడిసెలవాళ్ళతో పాటు కాలిబాటమీద ఉన్నవాళ్ళను కూడా అందులో చేర్చారు. పదేళ్ళ క్రితం మోటారుషెడ్డులోంచి వచ్చి లెక్క రాసుకున్న ఆ కాగితాలకు ఇప్పుడు విలువ వచ్చింది.

కాని ఒక్క కాగితంతో సర్కారు పని అవుతుందా? రుజువుల వేట మొదలయింది. అక్క ఇంట్లో, అంటే గుడిసెలో, ఉన్న చీటీలన్నీ ఒక మూటలో కట్టి మా ఇంటికి తెచ్చింది. పిల్ల టీకా చీటీ, బడి చీటీ, సంఘం సాయంతో ఎప్పటికో సంపాదించుకున్న రేషను కార్డు, వాటి మధ్య నలిగిపోయిన ఒక రసీదు. ఏమిటా అని చూస్తే, ఎప్పుడో బండి ఎత్తుకుపోయిన సామాను విడిపించుకోవడానికి కట్టిన జరిమానా రసీదు! దానిమీద తేదీ, వీధి పేరు శుభ్రంగా ఉన్నాయి. 'నువ్విక్కడ ఉండకూడదు' అని రాసిచ్చిన కాగితమే 'ఈమె ఇక్కడే ఉన్నది' అని సాక్ష్యం చెప్పింది. ఇంతకన్నా చోద్యం ఉంటుందా?

వీటికి తోడు, ఎన్నేళ్ళుగా ఎవరింట్లో పనిచేస్తోందో ఒక ఉత్తరం రాయించుకు రమ్మన్నారట. "నువ్వే రాయాలె తల్లీ" అని కూర్చుంది.

మావారికి సంతకాలంటే భయం. "రేపు కోర్టుకు రమ్మంటారేమో" అన్నారు.

"రమ్మంటే వెళ్దాం లెండి. ఆవిడ మనింట్లో పనిచేయడం అబద్ధమా?" అన్నాను.

"అబద్ధం కాదనుకో. అయినా సర్కారీ వ్యవహారం..."

ఇంతలో లోపలినుంచి మా అత్తగారు, "ఒరేయ్, పదహారేళ్ళనుంచీ నీ కంచం కడుగుతోందిరా అది. ఒక్క సంతకం పెట్టలేవూ?" అన్నారు.

అంతే. మావారు బల్ల దగ్గర కూర్చుని, తెల్లకాగితానికి అంచు మడిచి, ఆఫీసు ఇంగ్లీషులో రెండు పేరాలు రాశారు. రాశాక తనకే నచ్చి, మిగతా మూడిళ్ళవాళ్ళ దగ్గరకూ తీసుకువెళ్ళి వాళ్ళచేత కూడా రాయించారు.

1999లో అక్క పెనిమిటి పోయాడు. ఎండలో బండి తోస్తూ తోస్తూ కూలబడ్డాడు. పన్నెండో రోజు కాకుండానే మరిది దిగాడు. కార్డుమీద అన్నపేరే ఉంది గనుక వచ్చే ఇల్లు తనకు చెందుతుందని, అక్కను ఊరికి పోయి కొడుకుతో ఉండమని సలహా చెప్పాడు. ఊళ్ళో ఏముంది? వాన లేని చేను, అది కూడా తాకట్టులో ఉంది. అక్క వారం రోజులు మా వంటింట్లో మాటా పలుకూ లేకుండా అంట్లు తోమింది. ఎనిమిదో రోజున సంఘంలోని ఆడవాళ్ళు ఇరవైమంది దాకా ఆ గోడదగ్గర కూర్చున్నారు. హిందీ, మరాఠీ, తమిళం, తెలుగు అన్నీ కలగలిపి పంచాయితీ. ఎవరు ఎప్పుడు ఆ గుడిసె వేశారు, బండి వచ్చినప్పుడు ఎవరు అడ్డుపడ్డారు, పదమూడేళ్ళు పొదుపు ఎవరు కట్టారు అని ఒక్కొక్కరే చెప్పారు. ఏ దస్తావేజూ అంత వివరంగా ఉండదు. జాబితాలో అక్క పేరు ఎక్కింది. మరిది ఆ సాయంత్రమే తన దారిన తను పోయాడు.

అదే రోజుల్లో మావారి ఉద్యోగంవైపు నుంచి కూడా ఈ సంగతే వినబడేది. పట్టాలకు మరీ దగ్గరగా గుడిసెలు ఉండటంతో కొన్నిచోట్ల రైళ్ళు వేగం తగ్గించి నడపాల్సి వచ్చేది. లోకల్ రైళ్ళ విస్తరణ పథకంలో భాగంగా 2000-2001లో పట్టాల పక్కనున్న సుమారు 60,000 మందిని అక్కడినుంచి తరలించారు. ఆ పని ఈ సంస్థ, సమాఖ్య, మహిళా మిలన్ కలిసి చేశాయి. ఇరుగుపొరుగును విడదీయకుండా గుంపులుగా కదిలారు. జనాభా లెక్క వాళ్ళే రాసుకున్నారు, ఎవరు ముందో ఎవరు వెనకో వాళ్ళే తేల్చుకున్నారు. "మా ఇంజనీర్లు ఇరవై ఏళ్ళు తలలు బద్దలు కొట్టుకున్న పని" అని మావారు ఆశ్చర్యపోయేవారు.

2006లో అక్కకు ఇల్లొచ్చింది. మాన్‌ఖుర్ద్‌లో, అంతస్తుల భవనంలో. కుర్లాలో రైలు మారి వెళ్ళాలి. నన్నూ వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. తలుపు తీయగానే దేవుడి పటం పెడుతుందనుకున్నాను. భుజాన ఉన్న సంచీలోంచి ఒక పాత చీర తీసి, నన్నొక కొస పట్టుకోమంది. ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచింది. కొలత సరిపోయింది. అప్పుడు పటం పెట్టింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇల్లొచ్చిన మర్నాటినుంచి కష్టాలు తీరలేదు. నాలుగిళ్ళ పనిలో మూడు పోయాయి. అంత దూరం నుంచి పొద్దున్నే ఎలా వస్తుంది? దగ్గరలో దేవనారు చెత్తకుప్ప, గాలి తిరిగితే వాసన. కరెంటు బిల్లు, భవనం నిర్వహణ చందా, రైలుపాసు అన్నీ కొత్త ఖర్చులు. తట్టుకోలేక కొందరు ఇల్లు అద్దెకిచ్చి మళ్ళీ పాత వీధికే వచ్చేశారు. అక్క నిలబడింది. నిలబడడానికి ఆ పొదుపు సంచీయే ఆధారమయింది. కొత్తచోట రెండు నెలలు పని దొరకనప్పుడు సంఘం అప్పు ఇచ్చింది. పక్కవాటాల్లో ఉన్నది కూడా పాత వీధి ఆడవాళ్ళే కనుక బాధ చెప్పుకోవడానికి కొత్త మనుషులను వెతుక్కునే పని లేకపోయింది. ఇల్లిచ్చి, ఇరుగుపొరుగును లాగేసుకుంటే అది సగం ఇల్లే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలమంది పైచిలుకు. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్ళే 9 లక్షలు దాటారు. 2010 నుంచి సుప్రీంకోర్టు ఆదేశాలవల్ల పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, ఏడాది పొడుగునా తెరిచి ఉండేవి ఏర్పాటు చేయాలన్న నియమం వచ్చింది. మంచిదే, చలిరాత్రి అది ప్రాణం నిలుపుతుంది. కాని సంసారానికి రాత్రి ఒక్కటే కాదుగా. గిన్నె బోర్లించుకునే చోటు కావాలి, ఉత్తరం వచ్చే చిరునామా కావాలి.

మనం అందరం సంస్థలు పెట్టలేం. ఇళ్ళు కట్టించి ఇవ్వలేం. కాని మనింట్లో పనిచేసే మనిషి "అమ్మా, ఒక కాగితం రాసిస్తవా?" అని అడిగితే ఆ పూట టీవీ ఆపి రాసివ్వగలం. ఎప్పటినుంచి పనిచేస్తోందో, ఎక్కడుంటుందో, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వగలం. మన దృష్టిలో అది రెండు పేరాలు. ఆవిడ దృష్టిలో అది గోడకు పెట్టే మొదటి ఇటుక.

ఇప్పుడు మేము విజయవాడలో ఉంటున్నాం. మా అత్తగారు లేరు. 2019లో ఒకరోజు మాకు బొంబాయినుంచి శుభలేఖ వచ్చింది. అక్క మనవరాలి పెళ్ళి. ఎక్కడ అచ్చువేయించారో గాని, తెలుగులోనే ఉంది. నాలుగైదు అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. మావారు అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. విందు ఎక్కడో చెప్పేచోట, అందరి శుభలేఖల్లోనూ ఉండే మాటే, మనం చూసీ చూడకుండా వదిలేసే మాటే, అచ్చుపడి ఉంది: "మా స్వగృహమునందు."

ఆ మాటలో మాత్రం అచ్చుతప్పు లేదు.